లేవీయకాండం దగ్గర ఆగిపోయారా?

బైబిలు చదువు ఎక్కడిదాకా వచ్చింది? కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దానం కార్డు చేతికి రాగానే అన్నారుగా, ఈ ఏడాది ఆదికాండం నుంచి ప్రకటన దాకా చదివి తీరతానని! రోజుకు 3 అధ్యాయాలు, ఆదివారం 5. లెక్క భలే కుదురుతుంది. మొత్తం 1189 అధ్యాయాలు ఏడాదిలో అయిపోయి, ఇంకా రెండు మూడు రోజులు మిగులుతాయి కూడా.

మరి ఇప్పుడేంటి, అడుగుతుంటే మాట మార్చేస్తున్నారు? ఎక్కడ ఆగారో నేను చెప్పనా? ఆదికాండం 50, నిర్గమకాండం 40. ఈ లెక్కన జనవరి 26 జెండా వందనం అయిన రెండు రోజులకు లేవీయకాండం గుమ్మంలో ఉంటారు. అక్కడే కదూ?

యోసేపు కథ నడిచినన్నాళ్లూ అన్నం చల్లారుతున్నా లేవలేదు మీరు. ఎర్రసముద్రం పాయలైనప్పుడు పక్కింటికి వినిపించేలా చదివారు, నేనూ విన్నాను. తీరా బలులు, కొవ్వు, మూత్రగ్రంథులు, ఒంటి మీద మచ్చలు వచ్చేసరికి రిబ్బను తీసి కీర్తనల్లో పెట్టేశారు. ఇరవై మూడో కీర్తన ఎక్కడికీ పారిపోదండీ!

నా మాట విని పంతొమ్మిదో అధ్యాయం దాకా రండి. 37 వచనాలే. కుక్కరు మూడు కూతలు కూసేలోపు అయిపోతుంది. ఆ అధ్యాయమంటే నాకెంత ఇష్టమో చెప్పలేను. దేవుడు మన వంటింట్లోకీ, వీధిలోకీ, కొట్లోకీ వచ్చి కూర్చున్నట్టే ఉంటుంది.

మొదలుపెట్టడం మాత్రం పెద్ద మాటతోనే. నేను పరిశుద్ధుణ్ణి, మీరూ పరిశుద్ధంగా ఉండండి అంటాడు. ఇంకేముంది, నలభై రోజుల ఉపవాసాలు, రాత్రి తెల్లవార్లూ ప్రార్థనలు చెప్తాడనుకుంటాం. చెప్పిందేమిటో తెలుసా? అమ్మానాన్నల్ని గౌరవించమని! పది ఆజ్ఞల్లో నాన్న ముందు, అమ్మ తర్వాత. ఇక్కడ అమ్మ పేరే ముందు. చూశారా, ఎంత ముచ్చటగా ఉందో!

ఆ తర్వాత పొలంలోకి తీసుకెళ్తాడు. కోతకొస్తే అంచులదాకా ఊడ్చి కోసెయ్యకు, రాలిన పరిగె ఏరుకోకు, బీదలకూ పరదేశులకూ వదిలెయ్యి. ఇదేదో పాతకాలపు రైతుల సంగతి అని పేజీ తిప్పేయకండి. మోయాబు నుంచి అత్తగారి వెంట బేత్లెహేముకు వచ్చిందే రూతు, ఆవిడ ఏం తిని బతికింది? ఈ వచనం మీదే బతికింది. బోయజు పొలంలో పరిగె ఏరుకుంది. ఆ మహానుభావుడు ఇంకో మెట్టు ఎక్కి, పనలలోంచి కావాలనే కాస్త కాస్త లాగి పడేయమని పనివాళ్లతో చెప్పాడు. ఆ రూతు కొడుకు ఓబేదు, మనవడు యెష్షయి, ముని మనవడు దావీదు. ఇప్పుడు చెప్పండి, మీరు రిబ్బను పెట్టుకున్న ఆ కీర్తన పాడినవాడి ముత్తవ్వకు అన్నం పెట్టింది ఏ గ్రంథం? లేవీయకాండమే!

మనకు పొలాల్లేవంటారా? మా వీధి చివర ఒకావిడ ఉంది. పూటపూటా బియ్యం కొలిచి గిన్నెలో పోశాక, అందులోంచే ఒక పిడికెడు తీసి పక్కనున్న పాత హార్లిక్స్ సీసాలో వేస్తుంది. డబ్బాలోంచి కాదు, సుమా! పొయ్యెక్కబోయే బియ్యంలోంచి. సీసా నిండిందంటే అది ఎవరింటికి వెళ్లాలో ఆవిడకు తెలుసు. ఆవిడ పొలానికి ఆ సీసాయే గట్టు.

పదమూడో వచనం ఇంకా గట్టిది. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకు. కొత్త నిబంధనలో యాకోబు కూడా కూలి బిగబట్టినవాళ్లను అయిదో అధ్యాయంలో ఏకిపారేశాడు. ఒకటో తారీఖున పనావిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మం దగ్గర నిలబడుతుంది. అడగదు. ఊరికే నిలబడుతుంది. చిల్లర లేదు, రేపు తీసుకో అంటాం. మనకు రేపంటే ఒక్క పూట. ఆవిడకు అద్దె, పాల ప్యాకెట్టు, పిల్లాడి ఫీజు.

పదహారో వచనం మన గోడ దగ్గరికే వచ్చింది. కొండేలు చెప్తూ తిరగొద్దట! కాబట్టి ఎదురింటి వాళ్ల గొడవ ఇవాళ్టికి వద్దు. అదిగో, మొహం మాడ్చారు!

పండ్ల చెట్ల ముచ్చట కూడా ఉందండోయ్. చెట్టు నాటాక మూడేళ్లు కాయ ముట్టకూడదు, నాలుగో ఏటి కాపు దేవుడిది, అయిదో ఏడు మనది. అంటు మామిడి పెట్టిన రైతుని అడగండి, లేత చెట్టుకి మొదట్లో వచ్చిన పూత తుంచేస్తామంటాడు. ఓపిక కూడా భక్తేనని చెట్టు దగ్గర నిలబెట్టి మరీ నేర్పాడు. ఇక తల నెరిసినవాళ్లు వస్తే లేచి నిలబడమంటుంది ముప్ఫై రెండో వచనం. ఆర్టీసీ బస్సులో కిటికీ పక్క సీటు దొరికినప్పుడు ఆ వచనం గుర్తొస్తే అదే ఆరాధన.

అన్నట్టు, పక్కవాణ్ణి నీలాగే చూసుకోమన్న మాట ఎక్కడుందనుకున్నారు? సువార్తల్లో అంటారు. నిజమే, ప్రభువు చెప్పారు, రోమీయులకూ గలతీయులకూ పౌలు రాశాడు, యాకోబూ రాశాడు. అందరూ తెచ్చుకుంది మాత్రం ఇక్కడినుంచే, పద్దెనిమిదో వచనంలోంచి. పైగా ముప్ఫై నాలుగులో, పరాయి ఊరినుంచి వచ్చినవాణ్ణీ అలాగే చూసుకోమని గట్టిగా చెప్పాడు. మంచి సమరయుడి కథకు విత్తనం ఇక్కడే పడిందని నాకనిపిస్తుంది.

అందుకే అంటున్నాను, రోజుకు మూడు అధ్యాయాలు చదవండి, కానీ అందులో ఒక్క వచనాన్ని బయటికి తీసుకెళ్లండి. బజారుకు, ఆఫీసుకు, బస్సుకు. రాత్రి కుటుంబ ప్రార్థనలో పిల్లల్ని కంఠత వాక్యం అప్పజెప్పమంటాం కదా, దాంతోపాటు ఇంకొకటి అడగండి. ఇవాళ ఎవరికి లేచి సీటిచ్చావురా అని. వాళ్లు మనల్ని తిరిగి అడుగుతారు, అదే అసలు మజా!

మీకు పదమూడో వచనం ఇస్తున్నాను. పనావిడ లెక్క చూసి, ఇవాళే ఇచ్చేసి, అప్పుడు రండి. ఆ అధ్యాయం చివర్లో ఉన్న తూకం రాళ్ల గురించి ఇంకా ఒక్క ముక్కా మాట్లాడుకోలేదు మనం!