ఏడువేల దీవుల మాటలు

ఫిలిప్పీన్సు 7,641 దీవుల దేశం. దీవికీ దీవికీ నడుమ సముద్రం, దీవి లోపల కొండలు, అడవులు. రాకపోకలు కష్టమైన చోట ఎవరి మాట వారిదిగా పెరగడంలో వింత లేదు. అక్కడ 170కి పైగా భాషలున్నవని లెక్క. దాదాపు అన్నీ ఒకే కుటుంబానివి. అయినా వేరుకాపురాలు పెట్టి చాలాకాలమైన అక్కచెల్లెళ్ల వలె, ఒకరి మాట ఒకరికి తెలియదు.

మేము ముందుగా చూచింది మనీలా. అక్కడి భాష తగలోగ్. బియ్యపు దుకాణంలో వడ్లను 'పాలాయ్' అన్నారు, బియ్యాన్ని 'బిగాస్' అన్నారు, అన్నాన్ని 'కానిన్' అన్నారు. వరి తిని బ్రతికే జనానికి ఒక్క మాట ఎట్లా చాలుతుంది? ఉపాధ్యాయుడు వారికి 'గురో', ఆశ 'ఆసా'. ఇవి మలయా, జావా వైపు నుండి ఓడల వెంట వచ్చిన సంస్కృత పదాలు. జాతీయ మ్యూజియంలో, లగూనా ప్రాంతంలో దొరికిన రాగిరేకు ఒకటి వుంది. ఒక కుటుంబపు బాకీ రద్దయినదని తెలిపే ఆ శాసనానికి తేదీ శక సంవత్సరం 822, వైశాఖ మాసం. అంటే క్రీ.శ. 900. పరాయి దేశంలో మన పంచాంగపు నెల కనబడితే ఎవరి మనసు ఆగుతుంది!

మనీలా నుండి సెబూ దీవికి విమానంలో గంటకు కాస్త పైన. అక్కడ ఆ వడ్లే 'హుమాయ్', ఆ అన్నమే 'కానోన్'. తగలోగులో 'లాంగమ్' అంటే చీమ. సెబూవారికి అదే మాట పిట్ట! ఉత్తరాన ఇలోకోస్ సీమలో వడ్లు 'పగాయ్', ఇల్లు 'బలాయ్'. దక్షిణాన జాంబోవాంగా పట్టణంలో మాత్రం ఇల్లు 'కాసా'. స్పెయిను వారి మూడువందల యేళ్ల పైబడిన పాలనలో, స్పానిషు మాటలతో ఆ నేలమీదనే పుట్టిన ఆ భాష పేరు చవకానో.

ఇన్నిటిలో దేశభాష ఏది? 1937లో అధ్యక్షుడు మనుయెల్ కెసోన్ తగలోగును జాతీయభాషకు ఆధారంగా ప్రకటించాడు. 1987 రాజ్యాంగం ఆ భాషకు ఫిలిపినో అని పేరు పెట్టి, ఇంగ్లీషుతో పాటు అధికార హోదా ఇచ్చింది. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఒక భాష కావలసిందే. కాని మిగిలినవాటిని 'డయలెక్టు' అని చిన్నచూపుతో పిలవడం అలవాటయింది. కోట్లమంది మాట్లాడే సెబువానోకు కూడా ఆ పేరు తప్పలేదు. తగలోగువారికి అర్థంకాని భాష తగలోగుకు మాండలికం ఎట్లా అవుతుంది?

2013లో ఒక చట్టం వచ్చింది. మూడో తరగతి వరకు పిల్లలకు ఇంటిభాషలోనే చదువు చెప్పాలన్నారు. పుస్తకాలు చాలక, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు చాలక, ఒకే తరగతిలో నాలుగు భాషల పిల్లలుంటే ఏం చేయాలో తోచక, ఆ ఏర్పాటు తడబడింది. 2024లో ఇంకొక చట్టం ఆ నిర్బంధాన్ని తీసివేసింది. ఇప్పుడు బోధన ఫిలిపినోలో, ఇంగ్లీషులో. ప్రాంతీయ భాషలు సాయానికి మాత్రమే. పిల్లలందరి ఇంటిభాషా ఒకటే అయిన తరగతులకు కొంత వెసులుబాటు వుంది.

పెద్ద భాషలకు సినిమాలున్నాయి, రేడియో వుంది, పాటలున్నాయి, అవి నిలుస్తాయి. లుజోను కొండల్లో ఆర్టా వంటి భాషలు మాట్లాడేవారిని వ్రేళ్ల మీద లెక్కించవచ్చును. వాటికి మిగిలిన బడి ఒక్కటే, ఇల్లు. ఊరు విడిచి తరాలుగా బయట వున్న మనవంటి వారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. బిడ్డకు అన్నం పెడుతూ తల్లి ఏ మాట వాడుతుందో ఆ మాటే బ్రతుకుతుంది.