ఫాల్గుణంలో పెరటి కుంట

శీతల దేశాలలో పెరటి కొలనుకు వసంతమంటే మంచు కరగడం. గడ్డకట్టిన నీటి అడుగున మగతగా పడివున్న చేపలు కదులుతాయి, ఆపివుంచిన పంపు మళ్ళీ తిరుగుతుంది, ఇంటివారు రాలుటాకులను వలతో తోడిపోస్తారు. మా గోవాడలో మాత్రం వసంతాగమనం కొలనుకు అంత శుభవార్త కాదు. చైత్ర వైశాఖాలు వసంత ఋతువని పిల్లల చేత ముప్పై ఐదేళ్ళు వల్లె వేయించినవాణ్ణే, కాదనను. కానీ మా ప్రాంతపు నీళ్ళు అడుగంటేది సరిగ్గా ఆ రెండు మాసాలలోనే. కనుక ఇక్కడ కొలనును వసంతానికి సిద్ధం చేయడమంటే ఎండకు సిద్ధం చేయడమే. అది శిశిరంలో, ఫాల్గుణం వెళ్ళేలోగా, నీరు సగానికి దిగినప్పుడు చేసుకోవలసిన పని.

కొలను అని పెద్దమాట వాడాను. మా పెరటిలో ఉన్నది పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు గల కుంట. లోతు నడుము దాటదు. ఇల్లు కట్టే రోజుల్లో గోడలకు మట్టి తవ్వగా మిగిలిన గొయ్యి అది. అమరసింహుడు వారివర్గంలో జలాశయాలకు తరగతులు ఏర్పరచాడు. అగాధజలం ఉంటే హ్రదం, పద్మాలుంటే పద్మాకరం, చిన్న గుంటైతే పల్వలం. ఆ లెక్కన మాది పుట్టుకతో పల్వలం, తామర వేసిన నాటినుంచి పద్మాకరం. మా ఆవిడ మాత్రం నేటికీ "గుంట" అనే అంటుంది.

ఈ ఏడు ఆ గుంట ఉంటుందా, పూడుతుందా అన్న ప్రశ్న సంక్రాంతి నాడే తలెత్తింది. కిందటి వర్షాకాలంలో మా మనవరాలికి డెంగీ సోకి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది. జ్వరం పట్టుకున్నది విశాఖలోని వాళ్ళ అపార్టుమెంటులోనే, అయినా భయానికి తర్కంతో పనిలేదు. "నాన్నగారూ, రెండు ట్రాక్టర్ల గ్రావెల్ తోలించేద్దాం. పిల్ల సెలవులకు ఇక్కడికే కదా వచ్చేది. కారు పెట్టుకోవడానికీ చోటవుతుంది" అన్నాడు మా అబ్బాయి. కారు సంగతి అలా ఉంచండి, పిల్ల సంగతి నేను తేలికగా తీసేయగలిగింది కాదు. మడుగుకూ దోమకూ జ్వరానికీ ఉన్న ముడి విప్పింది మన తెలుగు నేలమీదే గదా! 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు.

అయితే డెంగీ దోమ స్వభావం వేరు. దానికి చెరువుల కంటె తొట్టెలు, పాత టైర్లు, కూలర్లు, కొబ్బరి చిప్పలు, పూలకుండీల కింది పళ్ళేలు ఎక్కువ ఇష్టం. గుడ్డు రెక్కలు తొడగడానికి వారం పది రోజులు చాలు. అందుకే ఆరోగ్య కార్యకర్తలు శుక్రవారం నాడు ఇంటింటికీ వచ్చి "డ్రై డే మాస్టారూ, తొట్లు బోర్లించారా?" అని అడుగుతారు. కుంటను వారం వారం బోర్లించలేము కనుక దానికి కాపలా పెట్టాలి. ఆ కాపలాకు గంబూసియా చేపను తెచ్చుకోమని చెప్పేవారున్నారు. ఉత్తర అమెరికాకు చెందిన ఆ చేప 1928లో ఇటలీ మీదుగా మన దేశానికి వచ్చింది. 2023లో మన రాష్ట్రంలోని చెరువులలోనూ పెద్ద ఎత్తున వదిలారు. నాకది నచ్చలేదు. దోమపిల్లలతో దాని ఆకలి తీరదు, కప్ప గుడ్లనూ మన చిన్న చేపల పిల్లలనూ కూడా తింటుంది. ప్రపంచంలో అతి హానికరమైన నూరు ఆక్రమణ జీవుల జాబితాలో దాని పేరు ఉన్నది. మా కుంటలో వరిమడి కాలువల నుంచి తెచ్చిన పరిగెలు తరతరాలుగా ఉన్నాయి. తూనీగ పిల్లలు కూడా ఉన్నాయి. తూనీగ రెక్కలు రాకముందు నీటి అడుగున ఉండి దోమపిల్లలను వేటాడుతుందని మన పిల్లలకు ఎందరు మాస్టర్లు చెబుతున్నారో!

పూడికతీతకు ఊళ్ళోని ఒక ముసలి రైతుకూలీ సాయం వచ్చాడు. మొదట పరిగెలను పట్టి, వాటి పాత నీళ్ళతోనే గంగాళంలో వదిలాము. కొత్త నీళ్ళలో ఒక్కసారిగా వేస్తే తట్టుకోలేవు. మిగిలిన నీటిని బకెట్లతో తోడి కొబ్బరిచెట్ల పాదులకు పోశాము. ఆ తరువాత బయటపడింది బురద. పైన రాలిన ఆకుల పొర, దాని కింద కాటుక వంటి నల్లని మట్టి. పార వేయగానే కుళ్ళిన గుడ్డు వాసన వచ్చింది. గాలి చొరని చోట ఆకులు మురిగితే పుట్టే వాయువు అది. మట్టిని ఎత్తి గట్టున ఆరవేస్తే రెండు రోజులలో పోతుంది. మా ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏమండీ, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారు?" అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

బురదను మొత్తం తీయనివ్వలేదు. మూడవ వంతు ఉంచాను. నత్తలు, తూనీగ పిల్లలు, మళ్ళీ కుంటను బతికించే సమస్తమూ అందులోనే ఉంటాయి. సిమెంటు తొట్టె కడిగినట్టు కడిగితే, మరునాడు అందులోకి అందరికన్న ముందు చేరేది దోమే.

తీసిన మట్టిని తట్టలకెత్తుతూ ఆ ముసలాయన ఆగాడు. "మాస్టారూ, దీన్ని రోడ్డు పక్కన పారబోయించేస్తారేటి? నాకిచ్చీండి బాబూ, వంగమడికి ఏసుకుంటాను. గెత్తం కన్నా మంచిది" అన్నాడు. ఆ మాట విని నాకు చిన్ననాటి ఎడ్లబళ్ళ వరుస కళ్ళకు కట్టింది. వేసవిలో బంద ఎండగానే ఊరు ఊరంతా పారలు పట్టేది. ఎవరి చేనికి ఎన్ని బళ్ళ మట్టి అన్నది పెద్దలు తేల్చేవారు. చెరువుకు లోతు, చేనుకు సారం ఒక్క పనితో సమకూరేవి. బస్తాలలో ఎరువు రావడం మొదలయ్యాక బళ్ళు ఆగాయి. మట్టి ఎవరికీ అక్కరలేకపోయేసరికి చెరువులు పూడుకుపోయాయి, పూడిన చెరువు మీద ఇళ్ళ స్థలాలు వెలిశాయి. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు, తీసిన పూడికను రైతుల పొలాలకు చేర్చడాన్ని పథకంలో భాగం చేశారు. ఆ వార్త చదివి, పోయిన ఆచారం ప్రభుత్వ ఉత్తర్వుగా తిరిగివచ్చిందని సంతోషించాను. మా ముసలాయనకు ఉత్తర్వుతో నిమిత్తం లేదు. నలభై తట్టల మట్టి మోసుకుపోయాడు.

యోగరూఢికి వ్యాకరణ పాఠంలో నేను ఏటా చెప్పిన ఉదాహరణ పంకజం. వ్యుత్పత్తి ప్రకారం బురదలో పుట్టినదేదైనా పంకజమే, కప్పా నత్తా కలువా కూడా. కానీ రూఢి వల్ల తామరకే చెల్లింది. పాఠం చెప్పేటప్పుడు నా దృష్టి ఎప్పుడూ పద్మం మీదే ఉండేది. మోకాలి లోతున దిగబడి నిలబడినప్పుడు మాత్రం పదంలోని పూర్వభాగం ఎక్కువ గౌరవానికి తగినదనిపించింది.

తామర దుంపలను చేతితో తడిమి తీయాలి. పార తగిలి తెగితే ఆ గాయంలో నీరు చేరి కుళ్ళుతుంది. చివర మొన చెదరని ముక్కలను ఎంచి, బురదలో అడ్డంగా పడుకోబెట్టి, మొన మాత్రం పైకి కనిపించేలా ఉంచాను. పచ్చి పేడ వేయరాదు, వేడికి దుంప మాడుతుంది. మొదట జానెడు నీరు పోసి, ఆకు లేచిన కొద్దీ పెంచాలి. కుళాయి నీరైతే ఒక రోజు నిలవ ఉంచి పోయాలి. అన్నిటికన్నా ముఖ్యం ఎండ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా పెద్ద పనసచెట్టును కూల్చినప్పుడు ఇంటిల్లిపాదీ విచారించాము. కుంట మీద నీడ తొలగడంతో మరుసటి ఏడు అంతకుముందెన్నడూ పూయనన్ని తామరలు పూశాయి.

తామరనూ కలువనూ ఒకే కుటుంబంగా భావించే పద్ధతి కూడా ఇప్పుడు చెల్లదట. తామరాకు నీటిపైకి లేచి బొట్టు అంటనివ్వదు, కలువాకు నీటి మీదే పడుకుంటుంది. మనకు తెలిసిన భేదం అంతే. జన్యువులను పరిశీలించినవారు తామరకు దగ్గర చుట్టం కలువ కాదనీ, కాశ్మీరపు చినారు వృక్షమనీ తేల్చారు! ఇక దాని గింజ ఓర్పు చెప్పతరం కాదు. ఈశాన్య చైనాలో ఎండిపోయిన సరస్సు మట్టి నుంచి తీసిన సుమారు 1300 ఏళ్ళ నాటి గింజ మొలకెత్తిందని 1995లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మన నన్నయ భారతం ఆరంభించడానికి మూడు శతాబ్దాల ముందు మట్టిలో పడిన గింజ అన్నమాట.

కిందటి ఆదివారం అబ్బాయి వచ్చాడు. వాదించలేదు నేను. తెల్లని పింగాణీ గిన్నె చేతికిచ్చి, కుంటలో నచ్చిన చోటల్లా ముంచి చూడమన్నాను. పదిసార్లు ముంచాడు. ఒకసారి పరిగె పిల్ల వచ్చింది, రెండుసార్లు నాచు వచ్చింది. దోమపిల్ల ఒక్కటీ రాలేదు. తరువాత పెరడంతా కలయదిరిగి, పిచ్చుకల కోసం వాళ్ళమ్మ గోడమీద పెట్టిన మూకుడు దగ్గర ఆగిపోయాడు. అందులో ఏడెనిమిది మెలికలు తిరుగుతున్నాయి. మాట్లాడకుండా దాన్ని బోర్లించి, "శ్రావణం దాకా చూద్దాం నాన్నగారూ. అప్పుడు మళ్ళీ ముంచుతాను" అన్నాడు. న్యాయమైన షరతే. గ్రావెల్ వాడికి మాత్రం ఫోను చేసినట్టు లేదు.

నాటగా మంచి మొన ఉన్న దుంపలు నాలుగు మిగిలాయి. తడి గోనెలో చుట్టి నీడన ఉంచాను. చోడవరం, అనకాపల్లి వైపున్న మిత్రులెవరికైనా కావలిస్తే మూతలేని బకెట్టు ఒకటి తెచ్చుకోండి. అడుగున వేయడానికి బురద కూడా నేనే ఇస్తాను. ఉగాది దాటితే మొనలు నిలవవు.