మాట చూపిన చిత్రం

తాను ప్రేమించిన ముఖాన్ని పదిలపరచుకోవాలని మానవుడు ఏనాటి నుంచో తపిస్తున్నాడు. గోడమీది బొమ్మ, రాతిలోని ప్రతిమ, కాగితంమీది ఛాయాచిత్రం ఆ తపనకు కాలానుగుణమైన రూపాలు. కంప్యూటర్ సైతం ఈ కోరికకు దూరంగా ఉండలేదు. 1957లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రస్సెల్ కిర్ష్, ఆయన సహచరులు ఛాయాచిత్రాన్ని కంప్యూటర్‌కు అందించే యంత్రాన్ని రూపొందించారు. దానిని పరీక్షించడానికి కిర్ష్ ఎన్నుకొన్నది మూడు నెలల వయసున్న తన కుమారుడి ఫోటో. అయిదు సెంటీమీటర్ల ఆ బొమ్మను యంత్రం అడ్డంగా 176, నిలువుగా 176 గళ్లుగా విభజించి, మొత్తం 30,976 చుక్కలుగా గ్రహించింది. డిజిటల్ చిత్రాల చరిత్ర ప్రయోగశాలలో మొదలైనప్పటికీ, మొదలయింది మాత్రం ఒక ఇంటి ఫోటోతోనే.

ఈనాడు చేతిలో ఇమిడే సెల్‌ఫోన్ ఒక్క ఫోటోలో కోటీ ఇరవై లక్షల చుక్కలను బంధిస్తుంది. పెళ్లికి వెళ్లి వచ్చినవారి వద్ద వందలాది ఫోటోలు ఉంటాయి. తీసినవి కోకొల్లలు, తీరికగా చూసినవి బహుకొద్ది. పెట్టెలోని ఆల్బమ్ ఏడాదికి ఒకసారైనా బయటికి వచ్చేది. ఫోన్‌లోని ఫోటో కొత్త ఫోటోల అడుగున పడి మళ్లీ పైకి రాదు. చిత్రాన్ని దాచుకోవడం ఎంత సులభమైపోయిందో, దానిని నలుగురూ కూర్చుని చూడడం అంత అరుదైపోయింది.

ఒక చిన్న పట్టణంలో ఇంటర్మీడియట్ చదివే అమ్మాయికి ఈ సంగతి తన ఇంటిలోనే అనుభవంలోకి వచ్చింది. తాతయ్య కాలం చేసిన తరువాత, ఆయన ట్రంకు పెట్టె అడుగున పాత ఆల్బమ్ ఒకటి బయటపడింది. తేమకు కొన్ని ఫోటోలు అట్టకు అంటుకుపోయాయి. మరికొన్నింటి అంచులు పసుపుబారాయి. ఉన్నవైనా మిగలాలని ఆమె ఒక్కొక్కదానిని ఫోన్‌తో ఫోటో తీసింది. బంధువులు పంపిన కొన్నింటితో కలిపి అవి 48 అయ్యాయి. వాటిలోని మనుషులు ఎవరెవరో ఆమెకు తెలియదు. తల్లికి సగం మందే తెలుసు. అందరినీ గుర్తుపట్టగలిగినది అమ్మమ్మ ఒక్కతే.

అమ్మమ్మకు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ జరిగింది. రెండవ కంటి చూపు మందగించింది. ఫోన్ చేతికిస్తే బొమ్మ ఆమెకు అగ్గిపెట్టెంత కనిపించేది. పెద్దది చేయబోతే వేలి కింద నుంచి జారిపోయేది. "నాకొద్దులే తల్లీ, మీరు చూడండి" అని ఆమె ఫోన్ తిరిగి ఇచ్చేసేది. అమ్మాయి బాధ ఫోటోలు పాడైపోతాయని కాదు. వాటి నకళ్లు ఇప్పుడు భద్రంగానే ఉన్నాయి. అమ్మమ్మ కంటిచూపుతో పాటు ఆ ముఖాల పేర్లు కూడా మసకబారిపోతాయేమోనని ఆమె దిగులు.

ఇంటి అటకమీద పదేళ్లు దాటిన పాత కంప్యూటర్ ఒకటి ఉంది. దాని మెమరీ ఒక గిగాబైట్ మాత్రమే. అయితే దాని తెర మాత్రం పెద్దది. అమ్మాయి దానిని కిందికి దింపి, దుమ్ము తుడిచి, తక్కువ శక్తితో నడిచే లినక్స్‌ను ఎక్కించింది. ఫోటోలు చూపించే పెద్ద ప్రోగ్రాం ఒకటి తెరవబోతే కంప్యూటర్ నిమిషాల తరబడి మూలిగింది. దానికి కారణం లేకపోలేదు. కోటీ ఇరవై లక్షల చుక్కల ఫోటోను తెరమీదికి తేవాలంటే, ఒక్కొక్క చుక్కకు నాలుగు బైట్ల చొప్పున దాదాపు అయిదు కోట్ల బైట్లు మెమరీలో చోటు కావాలి. ఆ పైన మెనూలు, మీటలు, అలంకారాలు కూడా అదే మెమరీలో సర్దుకోవాలి. ఈ ఇబ్బంది విన్న కాలేజీ కంప్యూటర్ అధ్యాపకుడు ఆమెకు 'ఫెహ్' అనే చిన్న ప్రోగ్రాం గురించి చెప్పాడు.

ఆ చిన్న ప్రోగ్రాం వెనుక పెద్ద సంప్రదాయమే ఉంది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తదితరులు యూనిక్స్ వ్యవస్థకు శ్రీకారం చుట్టారు. అప్పట్లో చాలామంది కంప్యూటర్‌తో మాట్లాడింది టెలీటైప్ యంత్రాల ద్వారా. మనిషి ఒక ఆజ్ఞను అక్షరాలలో కొడితే, యంత్రం జవాబును కాగితంమీద ముద్రించేది. ఒక ప్రోగ్రాం ఒక్క పనే చేయాలి, దానిని చక్కగా చేయాలి అన్నది అక్కడి డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ బోధించిన సూత్రం. టామ్ గిల్బర్ట్ మొదలుపెట్టగా తరువాత ఇతరులు తీర్చిదిద్దుతూ వచ్చిన ఫెహ్ ఆ బాటలోనే నడుస్తుంది. దానికి మెనూ పట్టీ లేదు, మీటల వరుస లేదు. ఆజ్ఞ ఇస్తే తెరమీద బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది.

ఆజ్ఞకు కూడా ఒక వ్యాకరణం ఉంది. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది: "ఈ ఫోటోలను తెర నిండా చూపించు." కమాండ్‌లో క్రియ ముందు వస్తుంది. మొదట ప్రోగ్రాం పేరు, చివర ఫోటోలున్న ఫోల్డరు పేరు, నడుమ ఎలా చూపించాలో తెలిపే చిన్న గుర్తులు ఉంటాయి. ఒక అడ్డగీత, దాని పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం; గుర్తు అంటే ఇంతే. పెద్ద ఎఫ్ అంటే బొమ్మ తెరనంతా ఆక్రమించాలి. పెద్ద జడ్ అంటే చిన్న బొమ్మను కూడా తెరకు సరిపడేలా పెంచాలి. పెద్ద డి పక్కన అయిదు అంకె వేస్తే, అయిదు సెకన్లకొకసారి బొమ్మ మారాలి. ఇవన్నీ క్రియావిశేషణాల వంటివి. మౌస్‌తో పనిచేసేవారు తెరమీద ఉన్నవాటిలో ఒకదానిని ఎంచుకొంటారు. ఆజ్ఞ రాసేవారు తమకు ఏమి కావాలో ముందుగా మనసులో తేల్చుకోవాలి.

అమ్మాయి తొలి ప్రయత్నంలోనే పొరపాటు పడింది. పెద్ద జడ్ ఉండవలసిన చోట చిన్న జడ్ కొట్టింది. వెంటనే వరుసంతా తారుమారయింది. తల్లి పసితనం కంటే ముందు తల్లి పెళ్లి వచ్చింది. తాతయ్య పదవీ విరమణ సభ తరువాత ఆయన చదువుకొనే రోజుల సైకిల్ వచ్చింది. యంత్రం చెడిపోయిందని ఆమె కంగారుపడింది. కానీ యంత్రం తప్పేమీ లేదు. చిన్న జడ్‌కు బొమ్మలను కలగాపులగంగా చూపించు అని అర్థం. తెలుగులో ఒక్క దీర్ఘంతో 'పదం' 'పాదం'గా మారిపోయినట్లే, ఇక్కడ అక్షరం పరిమాణంతో అర్థం మారిపోతుంది. మనిషి అయితే చెప్పబోయినదేమిటో ఊహించుకొని సర్దుకొంటాడు. యంత్రం చెప్పినదానిని మాత్రమే చేస్తుంది.

ఆ తప్పు దిద్దుకొన్నాక మరొక చిక్కు ఎదురైంది. ఫోటోలకు ఆమె ఒకటి నుంచి 48 వరకు వరుసగా అంకెలే పేర్లుగా పెట్టింది. తెరమీద మాత్రం రెండవ ఫోటో కంటే ముందే పదవ ఫోటో ప్రత్యక్షమయింది. నిఘంటువులో పదాలను మొదటి అక్షరాన్ని బట్టి పేర్చినట్లు, యంత్రం పేర్లను మొదటి గుర్తును బట్టి పేర్చుతుంది. పదిలో మొదటిది ఒకటి. ఒకటి రెండు కంటే ముందుంటుంది. కనుక తొమ్మిది వరకు ఉన్న అంకెలన్నింటికీ ముందు సున్న చేర్చి ఆమె పేర్లు మార్చింది. విలువ లేదనుకొనే సున్న, వరుసను నిలబెట్టింది. పొరపాటున కొన్ని మీటలను కలిపి నొక్కితే అసలు ఫోటోయే చెరిగిపోయే వీలుందని అధ్యాపకుడు హెచ్చరించాడు. అందువల్ల ఆమె అన్నింటికీ నకళ్లు తీసి వేరే దాచింది.

ఆదివారం సాయంత్రం అమ్మమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, గది తలుపులు దగ్గరగా వేసి, అమ్మాయి ఆజ్ఞ కొట్టింది. తెర నిండా సైకిల్ పక్కన నిలబడిన యువకుడు కనిపించాడు. అమ్మమ్మ కళ్లజోడు సవరించుకొని ముందుకు వంగింది. అంతలో అయిదు సెకన్లు గడిచి బొమ్మ మారిపోయింది. మరొక ముఖం వచ్చింది, అదీ వెళ్లిపోయింది.

"ఆగు తల్లీ, ఎవరో గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయారు" అంది అమ్మమ్మ.

అమ్మాయి అయిదును పది చేసింది, పదిని ఇరవై చేసింది. అయినా కుదరలేదు. ఒంటరి ముఖానికి ఇరవై సెకన్లు ఎక్కువయ్యాయి. ముప్పైమంది కూర్చున్న పెళ్లి ఫోటోకు రెండు నిమిషాలూ చాలలేదు. ఎన్ని సెకన్లు పెడితే సరిపోతుందా అని ఆలోచిస్తూ ఆమె కాసేపు తెరను వదిలి అమ్మమ్మనే చూసింది. అమ్మమ్మ చూపు ఒక మూల నుంచి మెల్లగా బయలుదేరి, ఒక్కొక్క ముఖం వద్ద ఆగి, కొన్నిచోట్ల వెనక్కు వచ్చి, మళ్లీ సాగుతున్నది. ఆ నడకకు సెకన్ల లెక్క లేదు. దానికి సరిపడే అంకె ఏ కమాండ్‌లోనూ ఉండదని అమ్మాయికి బోధపడింది.

ఆమె పెద్ద డిని తీసివేసింది. ఇప్పుడు బొమ్మ దానంతట అది మారదు. ఎవరైనా స్పేస్ బార్ నొక్కితేనే మారుతుంది. కీబోర్డులో అన్నింటికంటే పొడవైన మీట అదే. కళ్లు సహకరించకపోయినా చేతికి తగులుతుంది. అమ్మాయి కీబోర్డును అమ్మమ్మ ఒడిలో పెట్టి, ఆమె బొటనవేలిని ఆ మీటపై ఉంచింది. "నీకు చాలనిపించినప్పుడు నొక్కు అమ్మమ్మా" అంది. ఫోన్ పట్టుకోవడానికే జంకిన ముసలి చేయి ఆ సాయంత్రం కంప్యూటర్‌ను నడిపింది.

పదిహేడవ ఫోటో వద్ద ఆ చేయి చాలాసేపు కదలలేదు. రెండు జడలు వేసుకొన్న పన్నెండేళ్ల పిల్ల గోడకు ఆనుకొని నిలబడి ఉంది. ఆ బొమ్మ ఎవరిదో ఇంటిలో ఎవరికీ తెలియదు. "ఇది మా చెల్లెలు. మీ అమ్మ పుట్టకముందే పోయింది. దీని ఫోటో ఒక్కటీ లేదనుకున్నాను" అంది అమ్మమ్మ. గదిలో ఎవరూ మాట్లాడలేదు. బొమ్మ కూడా తొందరపడి కదిలిపోలేదు.

ఆ రాత్రి అమ్మాయి ఫోటోల పేర్లను మళ్లీ మార్చింది. అంకె పక్కన అమ్మమ్మ చెప్పిన పేరును, వరుసను ఇంగ్లీషు అక్షరాలలో చేర్చింది. తరువాత ఆజ్ఞలో చిన్న డిని రాసింది. చిన్న డికి ఫైలు పేరును కూడా బొమ్మమీద చూపించు అని అర్థం. మరునాడు ప్రతి ముఖంతో పాటు పైమూలన పేరు కూడా కనిపించింది. అమ్మమ్మకు ఆ పేర్లు చదవవలసిన అవసరం లేదు. అవి ఆమె తరువాత చూడబోయేవారి కోసం. పెద్ద డి పోయి చిన్న డి రావడంతో తొందర తొలగింది, పేరు నిలిచింది. ఒకే అక్షరం ఇంత మార్పు తెస్తుందని అమ్మాయి అనుకోలేదు.

ఈ చిన్న అనుభవంలో విద్యార్థి గ్రహించవలసిన విషయం ఒకటి ఉంది. యంత్రం చెప్పినట్లు వింటుంది. అందువల్లనే చెప్పేవారి బాధ్యత పెరుగుతుంది. స్పష్టంగా చెప్పడానికి భాష తెలియాలి, గుర్తులు తెలియాలి, పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ ఉన్న తేడా తెలియాలి. ఇవి పుస్తకాల వల్ల, సాధన వల్ల వస్తాయి. ఏమి చెప్పాలో తెలియడం మాత్రం ఎవరి కోసం చెబుతున్నామో ఆ మనిషిని ఓపికతో గమనించినప్పుడే వస్తుంది. ఆ ఆదివారం అమ్మాయికి సరైన ఆజ్ఞను నేర్పింది అమ్మమ్మ చూపే.

1957లో కంప్యూటర్‌లోకి ప్రవేశించిన ఆ పసివాడి పేరు వాల్డెన్ అని లోకానికి నేటికీ తెలుసు. ఆ పేరే తెలియకపోతే అవి 30,976 చుక్కలు మాత్రమే. చుక్కలను దాచే పని యంత్రం చేస్తుంది. ఆ చుక్కలు ఎవరివో అడిగి, విని, రాసిపెట్టే పని ఇంటిలోని పిల్లలది. అడగడానికి పెద్దలు ఉన్నప్పుడే ఆ పని జరగాలి.