25 దిర్హామ్‌ల రబ్బరు, 180 దిర్హామ్‌ల మాట

పోస్టు కొంచెం పొడుగుంది, ఓపిగ్గా చదవండి. పాత కార్బ్యురేటర్ బండి మీద డెలివరీ చేసేవాళ్ల కోసం రాస్తున్నాం. కొత్త ఇంజెక్షన్ బండి ఉన్నవాళ్లు మీ రూములో పాత బండి తోలే తమ్ముడికి పంపండి.

మేము షార్జాలో ఒక్క రూములో ఆరుగురం ఉంటాం. నలుగురం జగిత్యాల వైపు, ఇద్దరు నిజామాబాద్ వైపు. మాలో ముగ్గురికి బండే బతుకు. మూడూ పాత పల్సర్ 150లే.

పోయిన ఎండాకాలం మాలో చిన్నోడు రాత్రి పన్నెండింటికి వచ్చి, "బండి నా మాట ఇంటలేదన్నా" అన్నాడు. పొద్దున చోక్ లేనిదే స్టార్ట్ కాదు. సిగ్నల్ దగ్గర ఎక్సిలేటర్ వదిలినా రేస్ దిగదు. సైలెన్సర్‌లో టప్ టప్ అని చప్పుడు. ఆ సాయంత్రం రౌండబౌట్ దగ్గర ముందున్న కారుకు మూరెడు దూరంలో ఆగిందంట. గ్యారేజీలో చూపిస్తే కార్బ్యురేటరే పోయింది, 180 దిర్హామ్‌లు అన్నారంట. మన లెక్కలో నాలుగు వేల పైనే. ఆ నెల వాడు చెల్లెలికి కాలేజీ ఫీజు పంపాలి.

మరునాడు అందరం బండి ముందు కూర్చున్నాం. కార్బ్యురేటర్‌కు ముందొకటి, వెనకొకటి రెండు రబ్బర్లుంటాయి. ఒకటి ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి కార్బ్యురేటర్‌కు వచ్చేది. రెండోది కార్బ్యురేటర్ నుంచి ఇంజిన్‌కు పోయేది. చూడ్డానికి రెండూ నల్ల రబ్బరే గానీ వాటి పని వేరు, రిపేరు కూడా వేరు. ఈ ఒక్క తేడా తెలిస్తే డబ్బు ఎక్కడ మిగులుతుందో, ఎక్కడ మిగిల్చుకోకూడదో తెలుస్తుంది.

ఇంజిన్ వైపు రబ్బరు పగిలితే ఇంజిన్ ఆ సందులోంచి అదనపు గాలి లాగుతుంది. పెట్రోల్ అంతే వస్తుంది, గాలి ఎక్కువైతుంది. అందుకే రేస్ దిగదు, ఐడిలింగ్ నిలవదు. ప్లగ్ విప్పితే తెల్లగా కాలి ఉంటుంది. అట్లనే తోలితే ఇంజిన్ మరీ వేడెక్కి వాల్వులు, పిస్టన్ దాకా పోతుంది. ఫిల్టర్ వైపు పగిలితే బండి నడకలో పెద్ద తేడా తెలియకపోవచ్చు. కానీ ఆ సందులోంచి వడపోత లేని దుమ్ము లోపలికి పోతుంది. ఇక్కడి ఇసుక సంగతి మనకు తెలిసిందే. అది రింగులను, సిలిండర్‌ను మెల్లమెల్లగా అరగదీస్తుంది.

పట్టుకోవడం సులువే. చిన్న స్ప్రే బాటిల్‌లో నీళ్లు పోసి, ఐడిలింగ్‌లో ఉన్న బండికి ఇంజిన్ వైపు రబ్బరు చుట్టూ కొంచెం కొంచెం కొట్టండి. ఎక్కడ కొట్టినప్పుడు ఇంజిన్ శబ్దం మారుతుందో పగులు అక్కడే. పెట్రోల్ మాత్రం కొట్టొద్దు, వేడి ఇంజిన్ మీద మంట లేస్తుంది. తర్వాత రబ్బరు విప్పి వేళ్లతో వంచి చూడండి. పైనుంచి బాగానే కనబడుతుంది, పగులు కింది వైపు ఉంటుంది. చిన్నోడి బండికి ఇంజిన్ వైపు రబ్బరు అడుగున గోరంత సందు దొరికింది. కార్బ్యురేటర్‌కు ఏ రోగమూ లేదు.

ఇప్పుడు రిపేరు. ఫిల్టర్ వైపు రబ్బరుకు ఇంట్లోనే అతుకు వేయొచ్చు. సబ్బుతో కడిగి, ఆరబెట్టి, పగులు చుట్టూ గరుకు కాగితంతో మెల్లగా రుద్దండి. గాస్కెట్ సిలికాన్ ట్యూబు పలుచగా బయటి వైపే పూయండి. లోపల పూస్తే ముక్క ఊడి కార్బ్యురేటర్‌లోకి పోతుంది. పైన పాత సైకిల్ ట్యూబు పట్టీ చుట్టి జిప్ టైలు బిగించి, ఒక రోజు ఆరనివ్వండి. పది దిర్హామ్‌లలో పని అయిపోతుంది. నెలకోసారి చూసుకుంటే చాలు.

ఇంజిన్ వైపు రబ్బరుకు ఈ అతుకు నమ్మొద్దు. అక్కడ పెట్రోల్ తడి, ఇంజిన్ వేడి రెండూ ఉంటాయి. మామూలు సిలికాన్ పెట్రోల్‌కు ఉబ్బి ఊడుతుంది, సైకిల్ ట్యూబు మెత్తబడుతుంది. నడి రోడ్డు మీద ఆగిపోతే ట్యూబు పట్టీ గట్టిగా లాగి చుట్టి మెల్లగా రూముకు చేరండి, అంతవరకే. పైపైన గీతల్లాంటి పగుళ్లుంటే కొన్నాళ్లు చూడొచ్చు. సందు ఆరపార ఉంటే కొత్తదే వేయాలి.

కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకుపోండి. మాకు ఇండస్ట్రియల్ ఏరియాలో 25 దిర్హామ్‌లకు దొరికింది. వంచితే మెత్తగా లేచి రావాలి, ఇంజిన్‌కు ఆనే ముఖం చదునుగా ఉండాలి. ఎక్కించేటప్పుడు బిగువుగా ఉంటే వేడి నీళ్లలో కాసేపు ఉంచండి. క్లాంపు చేతితో తిప్పితే తిరగనంత బిగిస్తే చాలు, బలం చూపిస్తే కొత్త రబ్బరు కూడా కోసుకుపోతుంది. చివరగా ఐడిలింగ్ స్క్రూ మళ్లీ సరిచేయండి. సందున్నప్పుడు రేస్ దించడానికి ఎవరో ఒకరు దాన్ని తిప్పే ఉంటారు.

మనం ఇక్కడ టీ తాగినా రూపాయల్లోకి మార్చి చూసుకుంటాం. ఆ లెక్కే మన ఇండ్లను నిలబెడుతుంది, దాన్ని తప్పు పట్టం. కానీ ఎక్సిలేటర్ వదిలాక కూడా ముందుకే పోయే బండి మీద, వెనక ట్రక్కు పెట్టుకుని తిరిగేది మనమే. ఇంటికి పోయే పైసలు ఆ బండి మీదే కూర్చుని ఉన్నాయి. అందుకే మా రూములో ఇప్పుడు ఒక మాట అనుకున్నాం: దుమ్ము ఆపే రబ్బరుకు అతుకు, ప్రాణం ఆపే రబ్బరుకు కొత్తది. పైసలు లేని నెలలో ఆ 25 అందరం కలిసి వేసుకుంటాం.

ఈ శుక్రవారం పది నిమిషాలు బండి దగ్గర కూర్చోండి. టార్చి పట్టుకుని కింది వైపు చూడండి. సెలవు మీద ఇంటికి పోయేవాళ్లు, రెండేండ్లుగా గడపలో నిలబడ్డ బండిని కిక్కు కొట్టే ముందు కూడా అక్కడే చూడండి.