తల్లి గడి ఖాళీ

విశాఖ రైల్వే స్టేషన్ నుంచి భీమిలి వెళ్ళే 900కె బస్సులో కిటికీ సీటు దొరికితే ప్రయాణం సగం గెలిచినట్టే. రుషికొండ దాటాక ఎడమ పక్క తొట్లకొండ, కుడి పక్క సముద్రం, ఇంకాస్త ముందుకెళితే ఎర్రమట్టి దిబ్బలు. సాధారణంగా భీమిలి వెళ్ళేది తీరిగ్గా తిరగడానికి. ఈసారి జేబులో ఒక కాగితం ఉంది, ఒక పని ఉంది.

ఇంగ్లండులో ఉంటున్న మా మేనకోడలి పక్కింటి పెద్దావిడ పురమాయించిన పని అది. ఆవిడ తన వంశవృక్షం తయారు చేసుకుంటోంది. ముత్తాత 1881 జనాభా లెక్కల్లో ఒక బోర్డింగ్ స్కూల్లో చదివే పిల్లాడిగా కనిపించాడట. పుట్టిన ఊరు అన్న గడిలో ‘బిమ్లిపటం, ఈస్ట్ ఇండీస్’ అని ఉంది. అదెక్కడని ఆవిడ అడిగేసరికి మా మేనకోడలు, “అది మా భీమిలి ఆంటీ!” అందట. ఇంకేముంది, పని నా మెడకు చుట్టుకుంది. ముత్తాత తోబుట్టువు ఒకరు పసితనంలోనే ఇక్కడ పోయారని రికార్డుల్లో ఉంది. ఆ సమాధి మిగిలి ఉంటే ఫొటో కావాలి.

ఇంగ్లండు వాళ్ళకు ఈ వెతుకులాట అంత తేలిక ఎలా అయిందో చెప్పాలి. 1538లో, ఎనిమిదో హెన్రీ రాజ్యం చేస్తుండగా, ఆయన మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చీ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు పుస్తకంలో రాసి పెట్టాలని ఉత్తర్వు వేశాడు. 1837లో సర్కారు రిజిస్ట్రేషన్ వచ్చింది. పదేళ్ళకోసారి తీసే జనాభా లెక్కల్లో 1841 నుంచి మనుషుల పేర్లు నిలిచాయి. 1851 నుంచి ఇంటి యజమానికి ఎవరు ఏమవుతారో, ఏ ఊళ్ళో పుట్టారో కూడా రాశారు. నూరేళ్ళు నిండిన లెక్కల్ని జనం ముందు పెడతారు. 1921 నాటివి 2022 జనవరిలో బయటికొచ్చాయి. 1931 నాటివి మాత్రం ఎప్పటికీ రావు. 1942లో అగ్నికి ఆహుతైపోయాయి. అంటే సామాన్యుడైన తాపీమేస్త్రీ మనవడు కూడా ఓపికుంటే నాలుగైదు వందల ఏళ్ళు వెనక్కి నడవొచ్చు. మన దగ్గర జమీందార్లకైనా అంత వరస దొరకడం కష్టం.

బస్సు దిగి టీ కొట్టామెను అడిగితే, “దొరల గోరీలా? అటేపండి, సముద్రమేపు” అని చేయి చూపించింది. రెండు శ్మశానాలు ఉన్నాయి. ఒకటి హాలండర్స్ గ్రీన్, మరొకటి ఫ్లాగ్‌స్టాఫ్. పదిహేడో శతాబ్దంలో వలందావాళ్ళు, అంటే డచ్చివాళ్ళు, గోస్తనీ నది సముద్రంలో కలిసే ఈ చోట కొట్లు వేసుకుని బట్టల వ్యాపారం చేశారు. 1824 నాటి ఒప్పందం ప్రకారం మరుసటేడు ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. వలందా గోరీలు చూడ్డానికి దర్జాగా ఉంటాయి. ఇటుకా సున్నంతో కట్టిన సూదిమొన గోపురాలు, పిరమిడ్లు. రాతి మీద చెక్కిన వంశ చిహ్నాలు. దేశం కాని దేశంలో పోయినవాడికి ఇంత కట్టడం కట్టారంటే పోయినవాడి మీద ప్రేమకంటే ఉన్నవాళ్ళ హోదా ఎక్కువ కనిపిస్తుంది నాకు. ఇంగ్లీషువాళ్ళవి అంత ఆర్భాటం లేనివి. ఉప్పుగాలికి అక్షరాలు అరిగాయి. కొన్నింటికి ఫలకం ఉండాల్సిన చోట గుంట మాత్రం ఉంది. ఆ పసిబిడ్డ సమాధి కోసం ముళ్ళపొదలు తప్పించుకుంటూ ప్రతి రాయీ చూశాను. లేదు.

సమాధి దొరక్కపోయినా ఆవిడకు నష్టం లేదు. జూలియన్ జేమ్స్ కాటన్ అనే ఐసీఎస్ అధికారి మద్రాసు ప్రెసిడెన్సీలోని తెల్లవాళ్ళ సమాధుల రాతల్ని సేకరించి 1905లో అచ్చు వేయించాడు. రాయి పోయినా రాత మిగిలినవి ఎన్నో అందులో ఉన్నాయి. అందులో లేనివాళ్ళు చర్చి పుస్తకంలో ఉంటారు.

ఆ చర్చి సెయింట్ పీటర్స్. 1864లో పూర్తయింది. భీమిలి రేవు వెలిగిన కాలం అది. గోగునార, నూనెగింజలు, నీలిమందు ఇక్కణ్ణుంచి ఎగుమతి అయ్యేవి. ఇక్కడి గోగునారకు ప్రపంచ మార్కెట్లో ‘బిమ్లీ జూట్’ అనే పేరు. ఓడలు లోతున లంగరు వేసేవి, సరుకూ మనుషులూ మసూలా పడవల మీద ఒడ్డుకు చేరేవారు. ఆ కంపెనీల గుమాస్తాలు, ఏజెంట్లు, వాళ్ళ పెళ్ళాంబిడ్డలు ఆదివారం కూర్చున్న చోటు ఇది. ఇప్పుడు ప్రార్థన జరిపేది తెలుగువాళ్ళు.

ఇక్కడ పాదరీ రాసిన పద్దు ఇక్కడితో ఆగేది కాదు. దానికి నకలు తీసి మద్రాసు పంపేవారు. అక్కణ్ణుంచి ఇంకో నకలు లండన్ చేరేది. అవన్నీ ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ‘ఎన్’ వరసలో ఉన్నాయి. బెంగాల్‌కు ఎన్/1, మద్రాసుకు ఎన్/2, బొంబాయికి ఎన్/3. చాలావరకు కంప్యూటర్లో చూడొచ్చు, చందా కట్టాలి. తాతల్ని వెతుక్కోవడానికి నెలనెలా డబ్బు కట్టడమేమిటో అని నాకనిపిస్తుంది గానీ, ఆ పెద్దావిడ సంతోషంగా కడుతోంది. చిక్కల్లా ఊరి పేరుతోనే. రాసినవాడి చెవికీ నకలు తీసినవాడి కంటికీ మధ్య మన భీమునిపట్నం రకరకాలుగా మారింది. ఒక్క స్పెల్లింగుతో వెతికి లేదనుకుంటే సగం కుటుంబం జారిపోతుంది.

బాప్తిస్మం పద్దులో పుట్టిన తేదీ, పేరు, తల్లిదండ్రులు, తండ్రి పని ఉంటాయి. ఖననం పద్దులో వయసు, కొన్నిసార్లు జబ్బు పేరు. పోయిన తేదీ, పూడ్చిన తేదీ తరచుగా ఒక్కటే, లేదా మర్నాడు. ఎండలో అంతకంటే ఆపలేరు మరి. పిల్లలు బతికి ఏడేళ్ళు వస్తే చదువుకని ఇంగ్లండు పంపేసేవారు. అందుకే అక్కడి లెక్కల్లో అమ్మానాన్నలు లేని పిల్లలు, మేనత్త ఇంట్లోనో హాస్టల్లోనో, మద్రాసులో పుట్టాం, ఈస్ట్ ఇండీస్‌లో పుట్టాం అంటూ కనిపిస్తారు.

ఇంతవరకూ దారి సాఫీ. ఆవిడ ఇంకో రెండు మెట్లు పైకి వెళ్ళింది. ముత్తాతకు తాత, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఈ జిల్లాలోనే బాప్తిస్మం పొందినవాడు. తండ్రి పేరు, హోదా శుభ్రంగా ఉన్నాయి. తల్లి పేరు లేదు.

ఇలాంటి పద్దులు ఒకటీ రెండూ కావు. కంపెనీ రోజుల్లో దొరలతో ఉన్న మన ఆడవాళ్ళను చర్చి పెళ్ళాలుగా ఒప్పుకోలేదు. బిడ్డకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ‘నేటివ్ స్త్రీ’ అని రాసి ఊరుకునేవారు, కొందరైతే అదీ రాయలేదు. వంశాలు వెతికేవాళ్ళ భాషలో ఇది గోడ. గోడకు అవతల ఉన్నది చాలాచోట్ల ఒక తెలుగు మనిషి. ఏ పాలెం నుంచి వచ్చిందో, ఇంటిపేరేమిటో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. 2013లో బ్రిటన్ రాకుమారుడు విలియం తల్లి వైపు పూర్వీకుల్లో ఒకరైన ఎలైజా కెవార్క్ అనే సూరత్ స్త్రీకి భారతీయ మూలం ఉందని డీఎన్ఏ పరీక్షల వల్ల తేలినప్పుడు పత్రికలు తెగ రాశాయి. ఎలైజాకు ఉత్తరాలు మిగిలాయి, పేరు మిగిలింది. భీమిలి ఆడవాళ్ళకు అదీ లేదు. ఒక్క ఆశ వీలునామాలు. బతికుండగా పద్దులో రాయనివాడు చచ్చేముందు ఆమెకు నెలకింత ఇవ్వాలని పేరు పెట్టి రాసిన సందర్భాలున్నాయి. మద్రాసు వీలునామాల నకళ్ళు కూడా లండన్‌లో ఉన్నాయి. అవి చూడమని ఆవిడకు కబురు పంపాను. తన పటంలో ఆ గడి ఖాళీగా ఉన్నందుకు ఆవిడ సిగ్గుపడలేదు, ఉత్సాహపడింది. అది నాకు నచ్చింది.

సాయంత్రం గోస్తని మొగలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన పలకరించాడు. “ఏటి బాబూ, పొద్దున్నుంచీ గోరీలు ఫొటోలు తీత్తన్నారు? మీ సుట్టాలా?”

కాదని సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విని, “మా తాత రంగం ఎల్లిపోనాడు. ఆయన పేరు గూడా ఆ పుస్తకాల్లో ఉంటాదేటి?” అన్నాడు.

మన జనాభా లెక్కల్లో ఉండదు. 1871 నుంచీ మనల్నీ లెక్కపెట్టారు, లెక్క తేలాక పేర్లున్న కాగితాలు దాచలేదు. స్వతంత్రం వచ్చాక 1948 చట్టం ఆ కాగితాలు ఎవరూ చూడకూడదని 15వ సెక్షన్‌లో రాసింది. నూరేళ్ళు ఆగినా ప్రయోజనం లేదు. ఉత్తరాంధ్ర కూలీల పేర్లు పక్కాగా దొరికే చోటు ఒకటుంది, దక్షిణాఫ్రికా. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా నేటాలు చెరకు తోటలకు వెళ్ళిన 1,52,184 మంది వివరాలు ఓడల పట్టీల్లో ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ, గాటు కూడా. అయిదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేసినవాడు పారిపోతే పట్టుకోవాలి కదా! ఆ పట్టీలు పట్టుకునే డర్బన్ తెలుగువాళ్ళు ఇప్పుడు తాతల ఊళ్ళు వెతుక్కుంటూ విశాఖ, శ్రీకాకుళం వస్తున్నారు. ఆయన రంగం అన్న రంగూన్ సంగతి వేరు. భీమిలి, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కి, డెక్కు మీద పడుకుని వెళ్ళినవాళ్ళకు ఏ ఒప్పందమూ లేదు. ఎవరికీ వాళ్ళ పుట్టుమచ్చలతో పని పడలేదు.

ఇదంతా వీలైనంత సులువుగా చెప్పాను. ఆయన వల పక్కన పెట్టి, బీడీ ముట్టించుకున్నాడు.

“అంటే నేటాలు ఓడెక్కుంటే దొరికీవోడన్నమాట. టిక్కెట్టు కొనుక్కుని రంగం ఎల్లి పాడైపోనాడు మా తాత.”