మూలం వారిది, వ్యాఖ్య మనది



తెలుగు పండితుడికి మెయిలు సర్వరుతో పనేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, తప్పులేదు. కానీ ఉద్యోగ విరమణ తరువాత నా చేతికి వచ్చిన ఈ పని, ముప్పై మూడేళ్ళు తరగతి గదిలో చేసిన పనికి అంత దూరపుదేమీ కాదు. ఒక మూలపాఠం ఉంటుంది. మన అవసరాన్ని బట్టి దానికి కొన్ని మాటలు చేర్చుకొంటాం. కొన్నాళ్ళకు ఆ మూలానికి కొత్త ప్రతి వస్తుంది. అప్పుడు మన మాటల గతేమిటి? అవి నిలవాలా, మారాలా, తొలగిపోవాలా? ఈ టపా దాని గురించే.

ముందుగా సందర్భం చెబుతాను. 1980లలో పండిత శిక్షణ కళాశాలలో కలిసి చదువుకొన్నవాళ్ళం నలభైమందిమి ఇప్పటికీ ఉత్తరాలు రాసుకొంటూనే ఉన్నాం. ఎవరింటి అటక మీదనో దొరికిన తాటాకు కట్టల చిత్రాలు, పల్లెల్లో ఇంకా వినిపించే పాత పలుకుబళ్ళు, పద్యాల మీద వాదోపవాదాలు - ఇవీ మా ఉత్తరాలు. మాకు పాఠం చెప్పిన గురువుగారు కూడా ఈ బృందంలో ఉన్నారు. ఆయనకు ఎనభై ఏడేళ్ళు.

2019లో నా పూర్వ విద్యార్థి ఒకడు మాకోసం ఒక చిన్న సర్వరు అద్దెకు తీసుకొని, అప్పుడే విడుదలైన డెబియన్ 10 దానిలో పెట్టాడు. ఉత్తరాలను పంపడానికీ అందుకోవడానికీ పోస్ట్‌ఫిక్స్, వాటిని పెట్టెల్లో దాచి అడిగినప్పుడు చదివించడానికి డవ్‌కాట్. 2021లో వాడికి ఉద్యోగంలో తీరిక లేకపోవడంతో తాళాలు నాకప్పగించాడు. "మాస్టారూ, ఇందులో నేను మార్చినవి ఇరవై మూడు వాక్యాలు. మిగిలినదంతా వాళ్ళదే. ఈ ఇరవై మూడూ జాగ్రత్త" అన్నాడు.

ఆ ఇరవై మూడు వాక్యాలను అప్పటినుంచి మూడు నవీకరణలు దాటించాను: 2021లో డెబియన్ 11, 2023లో 12, 2025లో 13.

అవి ఎలాంటి వాక్యాలో ఒక ఉదాహరణ చూడండి. పోస్ట్‌ఫిక్స్ తనంతట తాను 1,02,40,000 బైట్లకు మించిన ఉత్తరాన్ని అంగీకరించదు. జోడించిన చిత్రాలు మెయిలులో ప్రయాణించేటప్పుడు అక్షరరూపం దాల్చి మూడోవంతు పెరుగుతాయి కనుక, నిజానికి ఏడున్నర మెగాబైట్ల చిత్రానికే ఆ హద్దు వచ్చేస్తుంది. తాటాకు చిత్రాలు అంతకంటె పెద్దవి. అందుచేత మా వాడు మెసేజ్ సైజ్ లిమిట్ అనే అమరికను నలభై మెగాబైట్లకు పెంచి, దాని పైన "తాటాకుల కోసం" అని ఒక పంక్తి రాశాడు. ఈ రెండో పంక్తి యంత్రానికి అక్కరలేదు. అది తరువాత వచ్చేవాడికోసం.

ఇక నవీకరణ సమయంలో ఏం జరుగుతుందో చెబుతాను. డెబియన్ సాధారణంగా అమరికల దస్త్రాన్ని మూడు ప్రతులుగా చూస్తుంది: క్రితంసారి వాళ్ళిచ్చినది, ఇప్పుడు మన దగ్గరున్నది, కొత్తగా వాళ్ళిస్తున్నది. మనం ముట్టుకోకపోతే కొత్తది చప్పుడు లేకుండా వచ్చి కూర్చుంటుంది. మనం మార్చి, వాళ్ళు మార్చకపోతే మనదే ఉంటుంది. ఇద్దరూ మార్చితేనే పేచీ. అప్పుడు ఆగి అడుగుతుంది: 'వై' అంటే వారి ప్రతి, 'ఎన్' అంటే మన ప్రతి, 'డి' అంటే రెంటికీ గల తేడాలు. ఏమీ అనకుండా ఎంటరు నొక్కితే మనదే ఉంచి, వారి ప్రతిని 'డీపీకేజీ-డిస్ట్' అనే తోకతో పక్కన పెడుతుంది. రెడ్ హ్యాట్ కుటుంబంలో ఈ సంభాషణ ఉండదు. ప్యాకేజీ కట్టినవారి నిర్ణయాన్ని బట్టి వారి ప్రతి 'ఆర్పీఎంన్యూ' అనే తోకతో పక్కకు చేరుతుంది, లేదా మన ప్రతి 'ఆర్పీఎంసేవ్' అనే తోక తగిలించుకొని పక్కకు తప్పుకొంటుంది.

ఈ ప్రశ్న ఎదురైనప్పుడు చాలామంది కళ్ళు మూసుకొని 'ఎన్' నొక్కుతారు. మనది పోలేదు గదా అన్న తృప్తి. కానీ కొత్త ప్రతిలో వాళ్ళు సరిదిద్దినదేమిటో మనకు తెలియకుండా పోతుంది. 'వై' నొక్కితే మన ఇరవై మూడు వాక్యాలు పక్కకు పోతాయి. పాఠ పరిష్కరణ తెలిసినవారికి ఈ చిక్కు కొత్తది కాదు. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలను ప్రకటించడానికి ముందు ఎన్నో ప్రతులు సేకరించి, పండితుల చేత పోల్చి చూపించాడు. ఏ ఒక్క ప్రతినీ మొత్తంగా నమ్మడమో మొత్తంగా తోసేయడమో చేస్తే పరిష్కరణ అక్కరే లేదు.

పోలిక సులభం కావాలంటే మన మాట వారి మాటలో కలిసిపోకూడదు. పాత తాళపత్రాల్లో అంచున రాసుకొన్న టిప్పణి, తరువాతి లేఖకుడి చేతిలో మూలంలోకి జొరబడిన సందర్భాలు మనకు తెలుసు. ఆ తరువాత ఏది కవి మాటో, ఏది చదువరి మాటో విడదీయడానికి ఒక జీవితం చాలదు. డవ్‌కాట్ వారు ఈ ఇబ్బంది గ్రహించినట్లున్నారు. మాకు అందిన ముఖ్య దస్త్రం చివర, "లోకల్.కాన్ఫ్ అనే దస్త్రం ఉంటే దాన్నీ చదువు" అనే వాక్యముంది. మన మాటలన్నీ అందులో రాసుకొంటే వారి దస్త్రాలను ముట్టనక్కరలేదు. ముట్టకపోతే పేచీ లేదు. చివర చదివింది చెల్లుతుంది కనుక మన మాటే నెగ్గుతుంది.

పోస్ట్‌ఫిక్స్‌కు ఈ సౌకర్యం లేదు. దాని మెయిన్.సీఎఫ్ ఒక్కటే దస్త్రం. అందుకని మా అమరికలన్నింటినీ కారణాలతో సహా వేరొక దస్త్రంలో రాసిపెట్టుకొన్నాను. పోస్ట్‌కాన్ఫ్ అనే ఆదేశం ద్వారా ఆ దస్త్రమే వాటిని ఒక్కొక్కటిగా మెయిన్.సీఎఫ్‌లోకి ఎక్కిస్తుంది. మెయిన్.సీఎఫ్ పూర్తిగా పోయినా మా వ్యాఖ్య పోదు. అదే పోస్ట్‌కాన్ఫ్‌కు 'ఎన్' అనే గుర్తు జోడిస్తే మెయిన్.సీఎఫ్‌లో స్పష్టంగా రాసినవి మాత్రమే చూపుతుంది. 'డి' జోడిస్తే మనమేమీ రాయకపోతే అది అనుసరించే సహజ విలువలు చూపుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒక సంగతి బయటపడింది. మా ఇరవై మూడింటిలో నాలుగు వాక్యాలు, సహజ విలువనే మళ్ళీ చెబుతున్నాయి. పునరుక్తి వల్ల నష్టమేమిటి అనవచ్చు. నష్టముంది. రేపు వారు భద్రతకోసం ఆ సహజ విలువను మార్చినా మనం రాసిన పాతదే చెల్లుతుంది. ఆ నాలుగూ తీసేశాను. ఇరవై మూడు పంతొమ్మిదయ్యాయి.

సహజ విలువలు మారేటప్పుడు పోస్ట్‌ఫిక్స్ వారి మర్యాద మెచ్చదగింది. 2015లో వచ్చిన 3.0 నుంచి కంపాటిబిలిటీ లెవెల్ అని ఒక అంకె పెట్టారు. కొత్త ప్రతి ఎక్కించినా ఆ అంకె పాతదిగానే ఉంటే, కొన్ని ముఖ్యమైన విషయాల్లో పాత పద్ధతినే పాటిస్తూ, "ఇక్కడ నేను పాత సంప్రదాయం అనుసరిస్తున్నాను" అని దినచర్యలో రాస్తుంది. అది చదివి, మనకు ఆ పాత పద్ధతి నిజంగా కావాలంటే మెయిన్.సీఎఫ్‌లో రాసుకొని, అక్కరలేకపోతే వదిలేసి, ఆ పిమ్మట అంకె పెంచుకోవాలి. మనకు చెప్పి మార్చడమంటే ఇదీ.

ఇంతవరకు చెప్పినది అక్షరాన్ని కాపాడుకోవడం గురించి. 2023లో ఎదురైన సమస్య వేరు.

మా గురువుగారు విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటరులో, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో ఉత్తరాలు చదివేవారు. గౌతమి ఫాంటు, ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరిక ఆయనకు కరతలామలకం. ఆ పాత ఉపకరణానికి టీఎల్ఎస్ 1.0 అనే పాత రహస్యభాష మాత్రమే తెలుసు. ప్రామాణిక సంస్థ ఐఈటీఎఫ్ 2021 మార్చిలో ఆ భాషకు స్వస్తి చెప్పింది. అయినా ఆయన ఒక్కరికోసం డవ్‌కాట్‌లో దాన్ని అనుమతించే వాక్యం మా వాడు రాసి ఉంచాడు. పైన కారణం కూడా ఉంది: "గురువుగారి కంప్యూటరు".

డెబియన్ 12 ఎక్కించాక ఆ వాక్యం చెక్కుచెదరలేదు. ఏ ప్రశ్నా రాలేదు, ఏ దోషమూ చూపలేదు. గురువుగారికి ఉత్తరాలు మాత్రం ఆగిపోయాయి. కారణం కింది పొరలో ఉంది. డెబియన్ 12తో ఓపెన్ఎస్ఎస్ఎల్ 3.0 వచ్చింది. అందులో టీఎల్ఎస్ 1.0 పనిచేయాలంటే భద్రతా స్థాయిని సున్నాకు దించాలి. డెబియన్‌లో అది 2. డవ్‌కాట్ "రానివ్వు" అంటోంది, దాని కింద ఉన్నది తలుపు తీయడం లేదు. అక్షరం నిలిచి అర్థం పోయింది.

స్థాయిని సున్నాకు దించే వాక్యం మరొకటి రాస్తే పని జరిగేది. ఇరవై నాలుగో వాక్యం అన్నమాట. కానీ ఆ దించడం నలభైమందికీ వర్తిస్తుంది. వారం రోజులు ఆలోచించాను. చివరకు ఆ వాక్యం పైనున్న కారణమే దారి చూపింది. అక్కడ "టీఎల్ఎస్ 1.0 కోసం" అని లేదు, "గురువుగారి కంప్యూటరు" అని ఉంది. కాపాడవలసింది ఆయన ఉత్తరాలను, ఆయన వేళ్ళకు అలవాటైన మీటలను. మేము నలుగురం చందా వేసుకొని ఒక చిన్న కంప్యూటరు కొన్నాం. అందులో లినక్సు పెట్టి, అదే ఇన్‌స్క్రిప్ట్ అమరిక ఇచ్చి, వాళ్ళ ఊరు తీసుకెళ్ళాను. ఉత్తరాలన్నీ సర్వరులోనే ఉన్నాయి కనుక తెరవగానే నాలుగేళ్ళవీ వరసగా కనిపించాయి. గురువుగారు కుర్చీలో కూర్చొని, మీటల వైపు చూడకుండానే ఒక సీసపద్యం పాదం కొట్టి చూసుకొని, "క్షకారం ఉన్నచోటే ఉంది, బాగుంది" అన్నారు. అక్కడినుంచే ఫోనులో సర్వరు తెరిచి ఆ పాత వాక్యం తొలగించాను.

2025లో వచ్చిన డెబియన్ 13 మరో రకం పరీక్ష పెట్టింది. దానితో డవ్‌కాట్ 2.4 వచ్చింది. అదే సంవత్సరం జనవరిలో విడుదలైన ఈ ప్రతి, పాత 2.3 అమరికలను ఉన్నదున్నట్లు అంగీకరించదు. మొట్టమొదట ఏ ప్రతికి రాసిన అమరికలో చెప్పాలి. చెప్పకపోతే లేవదు. మెయిల్ లొకేషన్ అని ఒక్క మాటలో చెప్పినది, డ్రైవరు వేరుగా దారి వేరుగా చెప్పాలి. పెట్టె యజమాని పేరును సూచించే ఏకాక్షర సంకేతం పోయి పూర్తి పదం వచ్చింది. అంటే వ్యాకరణమే మారింది. ఇక్కడ వేరు దస్త్రం ఒక్కటే రక్షించలేదు, ప్రతి వాక్యాన్నీ తిరిగి రాయాలి. మా వాక్యాలు ఒకేచోట, కారణాలతో ఉన్నందువల్ల అది రెండు సాయంత్రాల పని అయింది. అదీ అసలు సర్వరు మీద కాదు. ఇంకొక చిన్న సర్వరు రెండు రోజులకు అద్దెకు తీసుకొని, నకలు పెట్టుకొని, ముందు అక్కడ సాధన చేశాను.

ఆ సమీక్షలోనే మరి రెండు వాక్యాల సంగతి తేలింది. 2023 డిసెంబరులో ఎస్ఎంటీపీ స్మగ్లింగ్ అనే లోపం బయటపడినప్పుడు పోస్ట్‌ఫిక్స్ వారు సూచించిన తాత్కాలికోపాయం ఒకటి రాసి, పైన తేదీ వేసి, "తాత్కాలికం" అని పెట్టుకొన్నాను. 3.9 నుంచి ఆ రక్షణ సహజ విలువగానే వస్తోంది. డెబియన్ 13లో ఉన్నది 3.10. కనుక దాన్ని తీసేశాను. రెండవది, ఉత్తరాలు పంపేటప్పుడు ఐపీవీ4 చిరునామాకే మొగ్గు చూపమనే వాక్యం. మా వాడు అన్నింటికీ కారణం రాసి దీనికొక్కదానికే రాయలేదు. అనవసరమనిపించింది. అయినా అర్థం కాని మాటను పాఠంనుంచి తొలగించకూడదని మాకు నేర్పిన మొదటి నియమం. వాడికి ఉత్తరం రాశాను. జవాబు ఒక్క పంక్తి: "మాస్టారూ, మన ఐపీవీ6 చిరునామాకు తిరుగు పేరు లేదు, పెద్ద మెయిలు సంస్థలు ఉత్తరం తిప్పికొడతాయి." పరీక్షించి చూస్తే ఇప్పటికీ లేదు. వాక్యం ఉంచి, పైన ఆ పంక్తి చేర్చాను.

సొంత సర్వరు నడిపే మిత్రులెవరైనా ఉంటే, రెండు అలవాట్లు చెప్పి ముగిస్తాను. ఎట్సీకీపర్ అనే ఉపకరణం అమరికలున్న ఈటీసీ సంచయాన్ని గిట్‌లో భద్రపరుస్తుంది, ప్యాకేజీలు మారే ముందూ తరువాతా తనంతట తానే నకలు తీస్తుంది. ఏది ఎప్పుడు మారిందో దానివల్ల తెలుస్తుంది. ఎందుకు మారిందో చెప్పడం దానికి చేతకాదు, అది మనమే రాయాలి. ప్రతి వాక్యం పైన తేదీ, ఎవరికోసం, ఎప్పుడు తీసేయవచ్చు - ఈ మూడు మాటలు చాలు. తెలుగులోనే రాయండి. పంక్తి మొదట ఆ చిన్న కంచె గుర్తు పెడితే పోస్ట్‌ఫిక్స్‌కు ఏ భాషైనా ఒకటే.

ప్రస్తుతం మా దస్త్రంలో పద్దెనిమిది వాక్యాలున్నాయి, పద్దెనిమిదింటికీ కారణాలున్నాయి. నా తరువాత తాళాలు తీసుకోవడానికి మా బృందంలోనే ఒక సహాధ్యాయిని ఒప్పుకొన్నారు. లినక్సు ఆమెకు కొత్త. పోయిన ఆదివారం ఆ దస్త్రం పంపితే, చదివి, "ఇది నాకు అర్థమవుతోందండీ" అని రాశారు.

సెలవు.