రాళ్ళే కదా!

ముందుగా మీరందరూ అడిగే ప్రశ్నకి జవాబు చెప్పేస్తా. అవును, వైన్ తాగాను. రెండే గుటకలు. మా అమ్మకి ఎవరూ ఫార్వర్డ్ చేయొద్దు.

మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ లిస్బన్‌లో చదివాను కదా, అప్పటి సంగతి ఇది. ఈస్టర్ సెలవులకి హాస్టల్‌లో అందరూ ఇళ్ళకి పోతుంటే మేం ముగ్గురం అజోర్స్ బయల్దేరాం. లిస్బన్‌కి పడమరగా దాదాపు 1,500 కిలోమీటర్లు, అట్లాంటిక్ మధ్యలో తొమ్మిది దీవులు. అన్నీ అగ్నిపర్వతాలు కన్న బిడ్డలే.

మొదట సావో మిగెల్ దీవిలో ఫుర్నాష్ అనే ఊరు. అక్కడ చెరువు గట్టున నేలలోంచి పొగలొస్తుంటాయి. పొద్దున్నే పెద్ద కుండల్లో మాంసం, క్యాబేజీ, దుంపలు సర్ది, వేడి గుంతల్లో దించి, పైన మట్టి కప్పేస్తారు. పొయ్యి లేదు, గ్యాస్ లేదు. సుమారు ఆరు గంటలకి భూమే వండి పెడుతుంది. దాని పేరు కొజీదు. చుట్టూ గంధకం కంపు, మన కెమిస్ట్రీ ల్యాబే. ప్లేట్‌లో తెల్లగా, జిగటగా ఒక ముక్క కనిపించింది. కొరికి చూస్తే చామదుంప! పులుసు లేని చామదుంపని చూసి జాలేసింది గానీ, ఒక్క ముక్క కూడా వదల్లేదు.

మూడో రోజు పీకో దీవికి వెళ్ళాం. 2,351 మీటర్ల కొండ, పోర్చుగల్ మొత్తానికి అదే ఎత్తైనది. దాని కింద సముద్రం దాకా నల్లరాళ్ళ గోడలు. చిన్న చిన్న గదుల్లా కట్టి, ఒక్కో గదిలో నాలుగైదు ద్రాక్ష తీగలు పెట్టారు. మట్టి కనపడదు, లావా రాతి చీలికల్లోనే నాటారు. గోడలు ఉప్పుగాలిని ఆపుతాయి, పగటి ఎండని దాచుకుని రాత్రి తీగలకి వెచ్చదనం ఇస్తాయి. ట్రాక్టర్ తిరిగే చోటు లేదు, అంతా చేతిపనే. 1850ల్లో తెగులు వచ్చి తోటలు పోయాయి. చాలామంది వలస పోయారు, గోడల మీద పొదలు కమ్మేశాయి. మిగిలినవాళ్ళు మళ్ళీ బాగుచేసుకుంటూ వచ్చారు. 2004లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

టూర్ చూపించే ఆవిడ గ్లాసులో వెర్దెల్యు పోసి ఇచ్చింది. నాలుక మీద కొంచెం ఉప్పగా తగిలింది. ఆవిడ గోడ మీద చెయ్యి వేసి, ఇవి మా ముత్తాతలు ఏరిన రాళ్ళు అంది. రెండో గుటక గొంతు దిగలేదు.

మాది అనంతపురం పక్కన పల్లె. మాకో రాళ్ళచేను ఉంది. జేజినాయన బతికినన్నాళ్ళూ అందులో రాళ్ళు ఏరి గట్టు మీద పేర్చాడు. ఏడాదికి ఒక్క పంట, అదీ వానొస్తే వేరుశనగ. లిస్బన్ ఖర్చులకి స్కాలర్‌షిప్ చాలకపోతే నాయన ఆ చేను తాకట్టు పెట్టాడు. పెట్టేముందు నన్ను అడిగాడు కూడా. నేను ఫోన్ చూసుకుంటూ, "రాళ్ళే కదా నాయనా, పోతే పోనీ" అన్నా. ఆయన ఏమీ అనలేదు.

ఆ గోడ దగ్గర్నుంచే ఫోన్ చేశా. మన దగ్గర రాత్రి ఎనిమిది.

"తిన్న్యావా?" అన్నాడు.

"తిన్నా నాయనా. ఇక్కడ రాళ్ళల్లో ద్రాక్ష పండిస్తాండారు."

"నీళ్ళు యాడియి?"

"వాన బాగా పడుతుందంట."

"అయితే పండుతాదిలే," అని నవ్వాడు. సారీ చెబుదామని నోటిదాకా వచ్చింది. "బిల్లు అవుతాదేమో, పెట్టేయ్" అన్నాడు. పెట్టేశాను.

వచ్చి ఏడాదైంది. చేను ఇంకా తాకట్టులోనే ఉంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు వానకి జారిన గట్టు రాళ్ళు మళ్ళీ పేర్చాను. పదిహేను అడుగులకే నడుం పట్టేసింది. జేజినాయన కట్టింది చేను చుట్టూరా ఉంది.

వచ్చే నెల ప్లేస్‌మెంట్స్. ప్యాకేజీ ఎంత కావాలని ఎవరైనా అడిగితే నా దగ్గర సరిగ్గా ఒక అంకె ఉంది. చేను విడిపించాలంటే ఎంత కావాలో అంత.